చిన్న రాళ్లకి బిగుసుకుని, ఘాట్‌లో కూలబడే ముందు ఫోర్కు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. మెడికల్ రెప్‌గా పనిచేస్తున్నాను. కాశీపూర్, టికిరి, కల్యాణసింగ్‌పూర్, బిస్సం కటక్ వైపు హెల్త్ సెంటర్లకీ మందుల షాపులకీ తిరగాలి. నెలకోసారి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ మీటింగుకి వెళ్తాను. ఈ తిరుగుడు కోసమే హీరో ఎక్స్‌పల్స్ 200 బైకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. నా బరువు 84 కిలోలు, వెనక శాంపిల్స్ బ్యాగు ఇంకో 14 కిలోలు. ఇబ్బందంతా ముందు ఫోర్కులతోనే. మట్టి రోడ్డు మీద చిన్న రాళ్లకే చేతులు అదిరిపోతున్నాయి. అదే ఫోర్కు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేస్తే కూలబడి అడుగున ఠంగుమని కొడుతోంది. ఎడమ పక్క సీలు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) కారుతోంది. పోయిన వానాకాలంలో ఒక మెకానిక్ సీళ్లు మార్చి 20డబ్ల్యూ40 ఇంజన్ ఆయిల్ పోశాడు. ఏదైనా ఒకటేనన్నాడు. ఇప్పుడు ఒక ఫ్రెండ్ 20డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ పోయమంటున్నాడు. ఇంకొకాయన ఉన్న ఆయిల్ మీదే ఒక్కో ఫోర్కుకి 50 మి.లీ. ఎక్కువ పోస్తే అడుగున కొట్టదంటున్నాడు. వీడియోల్లో ఒకరు 5 అంటే ఒకరు 15 అంటారు. ఘాట్ దిగాలంటే టెన్షన్‌గా ఉంటోంది. ఏం పోయాలో, ఎంత పోయాలో చెప్పండి.

సమాధానం: మీరు చెప్పిన రెండు ఇబ్బందులకీ పైకి పొంతన కనిపించదు. చిన్న రాయికే బిగుసుకునే ఫోర్కు పెద్ద గుంతలో అడుగుదాకా ఎలా పోతుందని ఎవరికైనా సందేహం వస్తుంది. లోపల ఉన్నది ఇంజన్ ఆయిలని తెలిశాక ఆ సందేహం తీరిపోతుంది. రెండూ ఒకే జబ్బు లక్షణాలు. అందుకని ముందు చేయాల్సింది చెప్పేస్తాను. ఆ ఆయిల్ మొత్తం తీయించేయండి. 20డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ జోలికి పోవద్దు. 50 మి.లీ. ఎక్కువ పోసే ఆలోచన అసలే వద్దు. మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉందో చూసుకోండి. మాన్యువల్ చేతిలో లేకపోతే మంచి కంపెనీ 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ తెచ్చి, లెవెల్ కొలిచి పోసి, అక్కడినుంచి మొదలుపెట్టండి. ఈ మాట ఎందుకంటున్నానో కూడా చెప్తాను. కారణం తెలిస్తే మిగతా సర్దుబాట్లు మీరే చేసుకోగలరు.

ఫోర్కులో బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఎంత వేగంగా కుంగాలి, ఎంత వేగంగా లేవాలి అన్నది మాత్రమే ఆయిల్ చూసుకుంటుంది. బండి కదలకుండా నిలబడి ఉంటే లోపల చిక్కటి ఆయిల్ ఉన్నా పల్చటి ఆయిల్ ఉన్నా ముందు భాగం ఒకే ఎత్తులో ఉంటుంది. మనిషి బరువెక్కువ కాబట్టి చిక్కటి ఆయిల్ పోయాలనే సలహా ఊరూరా వినిపిస్తుంది. బరువుకి మందు స్ప్రింగులో ఉంది, ఆయిల్‌లో లేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మీ ఫ్రెండ్స్ చెప్పిన సలహాలు ఎక్కడ దారి తప్పాయో మీకే తెలుస్తుంది.

మీ బండిలో ఉన్నది 37 మి.మీ. ట్యూబుల మామూలు టెలిస్కోపిక్ ఫోర్కు. 190 మి.మీ. దాకా కుంగగలదు. లోపల డ్యాంపర్ రాడ్ అనే గొట్టం ఉంటుంది. దానికి చిన్న కన్నాలుంటాయి. ఫోర్కు కుంగినా లేచినా ఆయిల్ ఆ కన్నాల్లోంచే దూరి పోవాలి. సిరంజి మీరు రోజూ చూసేదే కదా. పిస్టన్ మెల్లగా నొక్కితే మందు హాయిగా వస్తుంది, ఒక్కసారి గట్టిగా నొక్కితే బొటనవేలికి ఎదురు తిరుగుతుంది. కన్నంలోంచి ద్రవాన్ని తోసినప్పుడు వేగం రెట్టింపైతే ఎదురొచ్చే బలం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఈ రకం ఫోర్కులన్నిటికీ ఉన్న లోపం ఇదే. బ్రేకు వేసినప్పుడు ఫోర్కు మెల్లగా కుంగుతుంది, ఆ కాస్త వేగానికి ఆయిల్ పెద్దగా అడ్డుపడదు. రాయి తగిలినప్పుడు చక్రం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ వేగంలో ఆయిల్ కన్నాల దగ్గర ఇరుక్కుపోయి ఫోర్కు బిగుసుకుంటుంది, దెబ్బ నేరుగా మణికట్టు మీద పడుతుంది. ఆయిల్ చిక్కబడేకొద్దీ ఈ రెండో బాధ పెరుగుతుంది. మొదటి బాధ మాత్రం అంతగా తగ్గదు.

ఇక ఇంజన్ ఆయిల్ సంగతి. డబ్బా మీద 20 అని ఉన్నంత మాత్రాన ఇంజన్ ఆయిల్ 20, ఫోర్క్ ఆయిల్ 20 ఒకటి కావు. 20డబ్ల్యూ40 ఇంజన్ ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల వేడిలో 100 సెంటీస్టోక్స్ పైమాటే. 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ అదే వేడిలో 35 అటూ ఇటూ ఉంటుంది. అంటే మీ ఫోర్కు ఇప్పుడు తనకి తగిన దానికంటే దాదాపు మూడు రెట్ల చిక్కటి ఆయిల్‌తో తిరుగుతోంది. అంత చిక్కదనంలో కుంగడం కష్టం, తిరిగి లేవడం ఇంకా కష్టం. వరసగా రాళ్లున్న చోట ఏమవుతుందో చూడండి. మొదటి రాయికి ఫోర్కు కొంత కుంగింది. పూర్తిగా లేవకముందే రెండో రాయి వచ్చింది, ఇంకొంచెం కుంగింది. మూడోది, నాలుగోది. ఒక ఫర్లాంగు పోయేసరికి 190 మి.మీ. ఫోర్కు చేతిలో సగమే మిగులుతుంది. ఘాట్ దిగుతున్నారు కాబట్టి బండి బరువు ఎలాగూ ముందుకే పడి ఉంటుంది. దానికి తోడు బ్రేకు వేశారు. మిగిలిన ఆ సగమూ అయిపోయి అడుగున కొడుతుంది. ఫోర్కు అడుగుకి చేరితే ముందు టైరు నేల మీది గుంతల్ని పట్టుకోలేదు, గులకరాళ్ల మీద జారుతుంది. దిగుడులో అది చేతులు అదరడం కంటే చాలా ప్రమాదం. ఏదైనా ఒకటేనన్న మాట నాకు అందుకే నచ్చదు.

మీ బండిలో జరుగుతున్నది ఇదో కాదో తేల్చుకోవడానికి ఖర్చేమీ అక్కర్లేదు. బండిని చదునైన చోట నిలబెట్టి, ముందు బ్రేకు పట్టుకుని, ఒంటి బరువంతా హ్యాండిల్ మీద వేసి గట్టిగా ఒకసారి నొక్కి వదలండి. ఆయిల్ సరిగ్గా ఉంటే ఫోర్కు చటుక్కున లేచి తన చోటికొచ్చి ఆగిపోతుంది. లేచి, మళ్లీ కుంగి, మళ్లీ లేచిందంటే ఆయిల్ పల్చబడింది లేదా తక్కువైంది. బద్ధకంగా, ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు లేచిందంటే చిక్కదనం ఎక్కువైంది. చలికాలం పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చాక ఒకసారి చేసి చూడండి. ఇంజన్ ఆయిల్ పోసిన ఫోర్కులో ఆ రెంటికీ తేడా బాగా తెలుస్తుంది.

50 మి.లీ. ఎక్కువ పోయమన్నాయన సలహాలో కొంత నిజం ఉంది. అది ఎంతవరకు నిజమో తెలియకపోవడమే ప్రమాదం. ఫోర్కులో ఆయిల్ పైన గాలి ఉంటుంది. మూతలు బిగించి ఉంటాయి కాబట్టి ఫోర్కు కుంగినప్పుడు ఆ గాలి నొక్కుకుని రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. మొదటి సగంలో దాని ప్రభావం ఏమంత ఉండదు. చివరికొచ్చేసరికి ఒక్కసారిగా బలం పుంజుకుంటుంది. అందుకే అడుగున కొట్టకుండా ఆపాలంటే ఆయిల్ లెవెల్ కాస్త పెంచి గాలికి చోటు తగ్గించడం సరైన మార్గమే. అయితే ఎంత? 37 మి.మీ. ట్యూబులో లోపలి ఖాళీ సుమారు 32 మి.మీ. అనుకుంటే, 10 మి.మీ. లెవెల్ పెరగడానికి 8 మి.లీ. చాలు. ఆయన చెప్పిన 50 మి.లీ. పోస్తే లెవెల్ 60 మి.మీ. పెరుగుతుంది. గాలికి చోటే ఉండదు. గుంతలో పడగానే ఒత్తిడంతా సీళ్ల మీద పడి అవి తన్నుకొస్తాయి, లేదా ఫోర్కు మధ్యలోనే నిలిచిపోయి హ్యాండిల్ చేతుల్లోంచి ఎగురుతుంది. కారుతున్న మీ ఎడమ సీలు వెనక కూడా కొలవకుండా పోసిన ఆయిల్ ఉండి ఉండవచ్చు. తీసేటప్పుడు రెండు ఫోర్కుల ఆయిల్‌నీ వేర్వేరు సీసాల్లో పట్టి చూడండి, ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ ఉందేమో తెలుస్తుంది.

షాపుకి వెళ్లి 10డబ్ల్యూ అని అడిగినా ఒక చిక్కుంది. ఫోర్క్ ఆయిల్ డబ్బాల మీది ఈ అంకెల్ని కంపెనీలన్నీ ఒకే కొలతతో వేయవు. ఒక కంపెనీ 10 చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 32 ఉంటే, ఇంకో కంపెనీ 10 అదే వేడిలో 47 ఉంటుంది. ఆ రెండో కంపెనీ 10 పోసినవాడికి ఫోర్కు బిగువుగా తోచి, తర్వాతిసారి మొదటి కంపెనీ 10 పోస్తే అదే 10 కదా ఇంత పల్చగా ఉందేంటని ఆశ్చర్యపోతాడు. వీడియోల్లో ఒకరు 5, ఒకరు 15 అనడంలో సగం గందరగోళం ఇక్కడిదే. డబ్బా మీది అంకె కంటే కంపెనీ ఇచ్చే టెక్నికల్ డేటా షీట్‌లో 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటీస్టోక్స్ అని రాసి ఉందో ఫోన్లో వెతికి చూసుకోండి. మీ బండికి, మీ రోడ్లకి 35 దగ్గర ఉన్నది తీసుకోండి. విస్కాసిటీ ఇండెక్స్ అని ఇంకో అంకె పక్కనే ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే వేడికీ చలికీ ఆయిల్ అంత తక్కువగా మారుతుంది. మామూలుగా ఊళ్లో తిరిగేవాళ్లకి అది పట్టించుకోకపోయినా ఫర్వాలేదు. మీకు కావాలి. రాయగడలో ఎండాకాలం 40 దాటుతుంది. అదే మీరు డిసెంబర్‌లో కోరాపుట్, సెమిలిగుడ వైపు తెల్లవారుజామున బయల్దేరితే 10 డిగ్రీల లోపు చలి. ఒకే ఆయిల్ రెండు చోట్లా పనిచేయాలి.

ఒకసారి ఒక కంపెనీది మొదలుపెట్టాక దాన్నే పట్టుకోండి. 10 చాలక 15 ఎక్కువైతే అదే కంపెనీవి రెండూ సగం సగం కలుపుకోవచ్చు. వేరే వేరే కంపెనీలవి మాత్రం కలపొద్దు. రాయగడలో దొరక్కపోతే విజయనగరంలోనో విశాఖలోనో దొరుకుతుంది, ట్రైనులో వచ్చేవాళ్లెవరికైనా చెప్పి తెప్పించుకోండి. అదీ కుదరకపోతే కార్ల ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసే ఏటీఎఫ్ వాడుకోవచ్చు. దాని చిక్కదనం 10డబ్ల్యూకి దగ్గర్లోనే ఉంటుంది, నురగ కూడా తొందరగా పట్టదు. ఇంజన్ ఆయిల్ మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఇంజన్‌లోని మసి పట్టుకోవడానికి కలిపిన మందులు ఫోర్కుకి పనికిరావు, పైగా రాళ్ల దారిలో అరగంట కొట్టుకునేసరికి ఆయిల్ నురగెక్కుతుంది. నురగలో ఉన్న గాలి కన్నాల్లోంచి తేలిగ్గా జారిపోతుంది, అక్కడితో ఫోర్కుకి పట్టు పోతుంది.

మార్చే పని మీ ఎదుటే చేయించండి. చేయి తిరిగితే మీరే చేసుకోండి. ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లో ఉండేలా బండిని గట్టిగా నిలబెట్టాలి. ఫోర్కుల్ని టీ (హ్యాండిల్ కింద ఫోర్కుల్ని పట్టి ఉంచే బిగింపు) లోంచి తీయకముందే పై టీ బోల్టు వదులు చేసి, పై మూతల్ని కొంచెం లూజు చేసుకోవాలి. ఫోర్కు బయటికొచ్చాక పట్టుకోవడానికి ఆధారం ఉండదు, మూత తిరగదు. మూత చివరి మరల దగ్గర స్ప్రింగు ఒక్కసారిగా తన్నుతుంది, మొహం పైన పెట్టకండి. బ్రేక్ క్యాలిపర్‌ని తీగతో కట్టి వేలాడదీయండి, గొట్టం మీద బరువు పడకూడదు. ఫోర్కు తలకిందులు చేసి పదే పదే లాగి నొక్కి, రాత్రంతా అలాగే వదిలేయండి. మీ విషయంలో ఇంజన్ ఆయిల్ మూలమూలలా ఉంటుంది కాబట్టి, కొత్త ఫోర్క్ ఆయిల్ కొంచెం పోసి ఆడించి, దాన్ని పారబోసి, ఆ తర్వాత అసలు ఆయిల్ పోయండి. సీలు ఎలాగూ మార్చాలి కాబట్టి కింది అలెన్ బోల్టు విప్పి డ్యాంపర్ రాడ్‌ని కూడా బయటికి తీసి కడిగితే ఇంకా మంచిది. తీసిన పాత ఆయిల్‌ని మురిక్కాలువలో పోయకండి, అది నాగావళికి చేరుతుంది. డబ్బాలో పోసి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చేయండి.

లెవెల్ పెట్టడానికి మెడికల్ షాపు సామానే చాలు. 60 మి.లీ. సిరంజి, సెలైన్ పైపు ముక్క తీసుకోండి. ఫోర్కులో స్ప్రింగు లేకుండా, లోపలి ట్యూబుని పూర్తిగా కిందికి దింపి, నిటారుగా నిలబెట్టండి. ఆయిల్ కావలసినదానికంటే కాస్త ఎక్కువే పోసి, బుడగలు రావడం ఆగేదాకా ట్యూబుని మెల్లగా పైకీ కిందికీ ఆడించి, ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈలోగా సెలైన్ పైపుని ఒక సన్నని ఇనప కడ్డీకి కట్టి, మాన్యువల్ చెప్పిన గాలి లోతు (ట్యూబు అంచు నుంచి ఆయిల్ దాకా ఉండాల్సిన దూరం) దగ్గర ప్లాస్టర్ చుట్టి గుర్తు పెట్టుకోండి. ఆ ప్లాస్టర్ ట్యూబు అంచుకి ఆనేలా పైపు దింపి సిరంజితో లాగండి. ఎక్కువున్న ఆయిలంతా సిరంజిలోకి వచ్చేసి, పైపు గాలి పీల్చడం మొదలవగానే లెవెల్ కుదిరినట్టు. రెండు ఫోర్కులకీ ఒకే గుర్తుతో చేస్తారు కాబట్టి మిల్లీమీటరు తేడా రాదు. డబ్బా కొలతతో ఇన్ని మి.లీ. అని పోసేవాళ్లకి ఈ కచ్చితం రాదు, ఎందుకంటే పాత ఆయిల్ ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ మిగిలి ఉంటుంది.

బిగించేటప్పుడు చాలామంది వదిలేసే పని ఒకటుంది. యాక్సిల్ బిగించాక దాన్ని పట్టి ఉంచే పించ్ బోల్టుని వెంటనే బిగించొద్దు. బండి దించి, ముందు బ్రేకు పట్టి నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి. రెండు ఫోర్కులూ తమంతట తాము సమానంగా సర్దుకుంటాయి. అప్పుడు పించ్ బోల్టు బిగించండి. ఇది చేయకపోతే ఫోర్కు ట్యూబులు లోపల ఒక పక్కకి రాసుకుంటూ కదులుతాయి, ఎంత మంచి ఆయిల్ పోసినా చిన్న రాళ్లకి బిగుసుకున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు మీ బరువు సంగతి. 84 కిలోల మనిషి, హెల్మెట్టు, బూట్లు, 14 కిలోల బ్యాగు కలిస్తే బండి మీద 100 కిలోలు. స్ప్రింగు ఇంత బరువుకి సరిపోతుందో లేదో శాగ్ కొలిస్తే తెలుస్తుంది. శాగ్ అంటే ఊరికే కూర్చున్నప్పుడు ఫోర్కు ఎంత కుంగిందన్న కొలత. చక్రం గాల్లో ఉండగా ఫోర్కుల్ని పట్టి ఉంచే కింది టీ నుంచి డస్ట్ సీల్ (ఫోర్కులోకి దుమ్ము పోకుండా ఆపే పై రబ్బరు రింగు) దాకా టేపుతో కొలిచి రాసుకోండి. బండి నేల మీద ఉండగా ఒక కొలత. బ్యాగు కట్టి, మీరు రోజూ వేసుకునే బట్టలతో ఎక్కి కూర్చుంటే ఇంకో కొలత. సీలు రాపిడి వల్ల కొలత అటూ ఇటూ అవుతుంది, అందుకని ముందు భాగాన్ని ఒకసారి నొక్కి మెల్లగా వదిలి కొలవండి, ఒకసారి ఎత్తి మెల్లగా దించి కొలవండి, రెండిటి సగటు తీసుకోండి. పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. మీరు ఎక్కినప్పటి శాగ్ మొత్తం 190లో నాలుగో వంతు నుంచి 30 శాతం లోపు, అంటే 50-55 మి.మీ. ఉంటే మట్టి రోడ్డుకి బాగుంటుంది. బండి ఒక్కటే నిలబడినప్పుడు 20-30 మి.మీ. కుంగాలి.

మీ బరువుకి 65-70 వస్తుందని నా అంచనా. అప్పుడు స్ప్రింగు పైన మందపాటి పీవీసీ పైపు ముక్క, దాని రెండు చివరలా స్టీలు వాషర్లు పెడితే సరి. 10 మి.మీ. ముక్క పెడితే శాగ్ దాదాపు 10 మి.మీ. తగ్గుతుంది. పైపు చివర్లు వంకర లేకుండా కోయించండి. 15 మి.మీ. దాటితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలే ప్రమాదం ఉంది, అంతకంటే పోవద్దు. ముక్క పెట్టాక మీరెక్కితే 55 వచ్చింది గానీ బండి ఒక్కటే ఉన్నప్పుడు అసలు కుంగడం లేదంటే, మీ స్ప్రింగు మీ బరువుకి మెత్తనిదని అర్థం. అప్పుడు గట్టి స్ప్రింగులు వేయించుకోవాలి. పైపు ముక్క స్ప్రింగుని గట్టిపరచదు, మొదలయ్యే చోటు మారుస్తుంది అంతే.

ఆయిల్ కొత్తది, లెవెల్ మాన్యువల్ ప్రకారం, శాగ్ 50-55. ఇక్కడిదాకా వచ్చాకే ట్యూనింగ్ మొదలు. లోపలి ట్యూబుకి సన్నని కేబుల్ టై కట్టి డస్ట్ సీల్ మీదికి జరపండి. పైన రబ్బరు తొడుగు ఉంటే టెస్టు చేసే రోజుల్లో కింది క్లిప్పు వదిలి పైకి మడిచి కట్టుకోండి. మీరు రోజూ పోయే దారిలోనే ఒక ముక్క ఎంచుకోండి. రాళ్లున్న మట్టి రోడ్డు కొంత, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు రెండు, ఒక దిగుడు ఉంటే చాలు. ప్రతిసారీ అదే బ్యాగు, అదే టైరు గాలి, అదే వేగం. తిరిగొచ్చాక కేబుల్ టై ఎక్కడిదాకా పోయిందో చూడండి. బాగా గట్టి దెబ్బ తిన్న రోజున ఇంకో 10-15 మి.మీ. మిగిలి ఉంటే కుదిరినట్టే. ఎంత కష్టపడినా 50 మి.మీ. మిగిలిపోతోందంటే ఉన్న ఫోర్కుని మీరు వాడుకోవడం లేదు, లెవెల్ తగ్గించాలి. ప్రతిసారీ చివరికి పోతోందంటే లెవెల్ పెంచాలి. 5 మి.మీ. పెంచి చూడండి, చాలకపోతే ఇంకో 5. పైన లెక్క చెప్పాను కదా, 5 మి.మీ. అంటే 4 మి.లీ. మాత్రమే. మూత తీసి సిరంజితో పోస్తే సరిపోతుంది, ఫోర్కు బయటికి తీయక్కర్లేదు. చక్రం మాత్రం గాల్లో ఉండాలి.

చివరిదాకా పోవడం లేదు కానీ చేతులు అదురుతున్నాయంటే అప్పుడు చిక్కదనం తగ్గించాలి. దాని ముందు టైరు గాలి చూసుకోండి, మట్టి రోడ్డుకి రెండు మూడు పాయింట్లు తగ్గిస్తేనే చాలా తేడా ఉంటుంది. మరీ తగ్గిస్తే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పంక్చరవుతుంది. ఫోర్కు లేచి తూగుతోందంటే, స్పీడ్ బ్రేకర్ దిగాక పైన టక్కుమంటోందంటే చిక్కదనం కొంచెం పెంచాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. లెవెలూ చిక్కదనమూ ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

అడుగున కొట్టే చప్పుడు నిజంగా ఫోర్కుదేనా అన్నది కూడా చూసుకోండి. మా షెడ్డుకి ఫోర్కు కొడుతోందని వచ్చే బళ్లలో హ్యాండిల్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) అరిగినవి చాలానే ఉంటాయి. చక్రం గాల్లో ఉంచి, ఫోర్కుల అడుగు భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. కటకటమంటే కోన్ సెట్ బిగించాలి లేదా మార్చాలి. ఇక కేబుల్ టై చివరికి పోకుండానే మీకు చప్పుడు వినిపించిందంటే అది అడుగు దెబ్బ కాదని తెలిసిపోతుంది.

సీళ్ల విషయంలో మీ ప్రాంతం కాస్త ప్రత్యేకం. కాశీపూర్ వైపు బాక్సైట్ లారీల దారిలో ఎర్రదుమ్ము బాగా లేస్తుంది.  అది తడిసి డస్ట్ సీల్ కింద పేరుకుంటే ట్యూబునీ సీలునీ కలిపి అరగదీస్తుంది. వానాకాలంలో వారానికోసారి డస్ట్ సీల్‌ని ప్లాస్టిక్ ముక్కతో పైకి లేపి, మెత్తని గుడ్డతో తుడిచి, ఒక చుక్క ఫోర్క్ ఆయిల్ రాసి కిందికి దింపండి. స్క్రూడ్రైవర్ వాడొద్దు, ట్యూబు మీద గీత పడుతుంది. ప్రెషర్ వాటర్ కొట్టేవాళ్లని ఫోర్కు సీళ్ల మీద కొట్టొద్దని ముందే చెప్పండి. కారుతున్న ఎడమ సీలుకి అసలు కారణం మట్టే అయితే, పాత ఎక్స్‌రే ఫిల్ముని చిన్న కొక్కెంలా కత్తిరించి సీలు పెదవి కింద చుట్టూ తిప్పితే ఒక్కోసారి కారడం ఆగిపోతుంది. మీ సీలుకి ఇది పనిచేస్తుందని నేను అనుకోను, ఎలాగూ ఫోర్కు విప్పుతున్నారు కాబట్టి కొత్తది వేయండి. వేసేముందు ట్యూబు మీద గోటితో పైనుంచి కిందికి గీసి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే అక్కడ తుప్పు గుంతో గీతో ఉన్నట్టు. దాన్ని సన్నని వాటర్ పేపరుతో (తడిపి రుద్దే ఉప్పుకాగితంతో) ట్యూబు చుట్టూ అడ్డంగా రుద్ది నున్నగా చేయకపోతే కొత్త సీలు కూడా నెల తిరక్కుండా కారుతుంది.

వెనక మోనోషాక్‌కి (ఒక్కటే ఉండే షాక్ అబ్సార్బర్‌కి) 10 మెట్ల ప్రీలోడ్, అంటే స్ప్రింగుని ముందుగా ఎంత నొక్కి ఉంచాలన్న సర్దుబాటు, ఉంది. శాంపిల్స్ బ్యాగుతో తిరిగే రోజుల్లో దాన్ని రెండు మూడు మెట్లు పెంచండి. వెనక భాగం కూలబడి ఉంటే ముందు ఫోర్కు కొలతలన్నీ తారుమారవుతాయి. కోరాపుట్ మీటింగుకి బ్యాగు లేకుండా పోతే తగ్గించుకోండి.

ర్యాలీ కిట్ అనీ, ఎమ్యులేటర్ అనీ మీకు చెప్పేవాళ్లు ఉంటారు. ర్యాలీ కిట్ ఫోర్కుకి 250 మి.మీ. ట్రావెల్ (కుంగే దూరం) ఉంటుంది, సీటు కూడా ఎత్తవుతుంది. రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగే మీ పనికి అది నాకు సరైనదనిపించదు. ఎమ్యులేటర్ మంచి సాధనమే. డ్యాంపర్ రాడ్ పైన కూర్చునే చిన్న వాల్వు అది. రాడ్ కన్నాలు పెద్దవి చేసి దాన్ని అమరిస్తే, బ్రేకు వేసినప్పుడు కుంగడం తగ్గుతుంది, రాయి తగిలితే వాల్వు తెరుచుకుని దెబ్బ మెత్తబడుతుంది. ఒకసారి పెద్దవి చేసిన కన్నాలు మళ్లీ చిన్నవి కావు కాబట్టి, 10డబ్ల్యూతో ఒక ఏడాది తిరిగి చూశాకే దాని గురించి ఆలోచించండి. ఆ ఏడాదిలో ఆయిల్ మాత్రం మార్చండి. మీరు తిరిగే దుమ్ములో, నీళ్లలో రెండేళ్లు ఆగడం మంచిది కాదు. బయటికొచ్చే ఆయిల్ బూడిద రంగులో మెరుస్తూ ఉంటే లోపల బుష్‌లు, అల్యూమినియం అరుగుతున్నట్టు, వాటిని కూడా చూపించండి.

పని అయ్యాక నాలుగు అంకెలు రాసి పంపండి: బండి ఒక్కటే ఉన్నప్పటి శాగ్, మీరు బ్యాగుతో ఎక్కినప్పటి శాగ్, పెట్టిన ఆయిల్ లెవెల్, ఘాట్ దిగొచ్చాక కేబుల్ టై దగ్గర మిగిలిన కొలత. గట్టి స్ప్రింగులు అవసరమో కాదో వాటిని చూసి చెప్తాను.